రెండు గాట్ల బ్లాకు

ఈ మధ్య డీటీపీ సెంటర్లలో చేరిన పిల్లలు నన్ను చూస్తే మ్యూజియంలో బొమ్మ లేచి నడిచొచ్చినట్టు చూస్తారు. "నిజంగానే ఒక్కో అక్షరం చేత్తో ఏరి పేర్చేవాళ్ళా తాతా?" అంటారు. ఏరేవాళ్ళం, పేర్చేవాళ్ళం. అచ్చయ్యాక మళ్ళీ ఎక్కడి అక్షరం అక్కడ వేసేవాళ్ళం. బియ్యంలో రాళ్ళేరడం కూడా ఇలాంటిదే కానీ, దాని చివర అన్నమైనా ఉంటుంది.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ అనేది. కుప్పంలో ఒక చిన్న ప్రెస్సులో చీపురు పట్టి మొదలుపెట్టి, డెబ్బైల మొదట్లో మదనపల్లెకొచ్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్లు పాత ఇనుముకు పోయేదాకా కంపోజిటరుగానే ఉన్నాను. మా వృత్తిలో ప్రమోషన్ అంటే చీకటి మూల నుంచి కిటికీ పక్కకు మారడమే. ఆ ముచ్చట పన్నెండేళ్ళకు తీరింది. కాబట్టి దాని గురించి రాయడానికేమీ లేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. మీకు పనికొచ్చేది అదే.

వేళ్ళకు తెలిసింది

కంపోజిటరుకు అక్షరం తలకిందులుగా, అద్దంలో చూసినట్టు కనబడుతుంది. ఎడమ చేతిలో స్టిక్కు అనే ఇనప పట్టీ, కుడి చెయ్యి కేసు అనే అక్షరాల పెట్టెలోని గళ్ళ మీద. తెలుగుకు గళ్ళు ఎక్కువ. వత్తులు, గుడులు, కొమ్ములు అన్నీ వేరువేరు. ఏడాది దాటితే చెయ్యి చూడకుండానే పోయి తెస్తుంది.

అయితే ఒక చిక్కుంది. అర్థం చదువుతూ కూర్చుంటే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే యజమాని చూపు మన వీపు మీద పడుతుంది. అందుకని అక్షరాన్ని మాత్రమే చూస్తాం, మాటను చూడం. నవల మొత్తం పేర్చి, చివరికి కథానాయిక బతికిందో చచ్చిందో చెప్పలేనివాణ్ణి నేను. ఇది నా పనితనానికి గుర్తని గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. "నేను వంట చేస్తానప్పా, తినను" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు.

బతికున్నవాడి కర్మాంతరం

మా ప్రెస్సు యజమానిని ఊరంతా ప్రెస్సు సాయిబు అనేది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, మిషన్ ఆగితే రెండూ కలిపి తిట్లు. మనిషి కోపిష్టి, కానీ తప్పు జరిగితే తన పేరే ముందు చెప్పుకునేవాడు. అలాంటి యజమానులను తర్వాత నేను చూడలేదు.

ఒకసారి సదుం నుంచి ఒక రైతు కుటుంబం వచ్చి, పోయిన పెద్దాయన కర్మాంతరానికి కార్డులు కొట్టమంది. ఇచ్చిన ఫొటోలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎడమ పక్కనున్నాయన అని వాళ్ళు చెప్పారు. నాకు అన్నీ అద్దంలో కనబడే అలవాటు కదా, ఫొటోను జింకు రేకు మీదికెక్కించి బ్లాకు చేయించేటప్పుడు కుడి పక్కనాయనకు గీత గీసి పంపించాను. కార్డులు పంచేశాక ఆ తమ్ముడే సైకిలు తొక్కుకుంటూ ప్రెస్సుకొచ్చాడు. కార్డు చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుని నింపాదిగా అడిగాడు.

"పోయింది నేనేనా అప్పా? ఇంటికాడ ఎవురూ నాకు సెప్పలేదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. సాయిబు నవ్వలేదు. లేచి ఆయనకు చేతులు జోడించాడు. కార్డులన్నీ మళ్ళీ కొట్టించి, సదుం దాకా తనే పోయి ఇచ్చొచ్చాడు. ఆ రోజు నుంచి మా ప్రెస్సులో ఒక నియమం పుట్టింది. బొమ్మ ఉన్న పేజీకి రెండు ప్రూఫులు. అక్షరాల ప్రూఫు ఒకటి, బ్లాకు బిగించాక ఇంకొకటి. ఆ మొహం తెలిసిన మనిషి రెండోదాని మీద సంతకం పెట్టందే మిషన్ తిరగకూడదు.

"మొహం అంటే నీకు జింకు రేకు రా," అన్నాడు సాయిబు. "వాళ్ళకు ఇంట్లో మనిషి."

ఈ కథను నేను పదేళ్ళు వేళాకోళంగా చెప్పుకు తిరిగాను.

అయ్యవారి నైజీరియా

ఎనభైల్లో ఒక రోజు పుంగనూరు నుంచి కృష్ణమూర్తి అయ్యవారు భార్య సావిత్రమ్మ భుజం పట్టుకుని ప్రెస్సుకొచ్చారు. చౌడేపల్లె పక్క పల్లెలో పుట్టి, ఇక్కడి హైస్కూళ్ళలో సైన్సు చెప్పి, తర్వాత నైజీరియాకు పోయి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆ రోజుల్లో మన పక్కనుంచి చాలామంది అయ్యవార్లు అట్లా పోయారు. మిగతావాళ్ళు టేప్‌రికార్డర్లు తెచ్చుకుంటే ఈయన ఒక రాతప్రతి తెచ్చుకున్నారు. చక్కెర జబ్బుతో చూపు దాదాపు పోయింది. మూత్రపిండాలు కూడా పాడయ్యాయని, ఎక్కువ కాలం లేదని ఆయనే పంచాంగం చదివినట్టు చెప్పారు.

రాతప్రతి నిండా ఆ దేశపు మనుషుల జీవితాలు. ఆయన స్వయంగా చూసిన ఎనిమిది మంది. పన్ను కట్టమని సంతలో ఆడవాళ్ళను సతాయిస్తే, వాళ్ళందరినీ పోగుచేసి సర్కారు కచేరీ ముందు మూడు రోజులు కూర్చోబెట్టిన ఉల్లిపాయల వ్యాపారి. మనిషి మాట్లాడినట్టే పలికే డోలు తయారుచేసి, రాజు చచ్చిన రోజున దానితోనే ఊరికి కబురు చెప్పిన డోలు పనివాడు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి కంచు పోసే ముసలాయన. లంచం తెచ్చిన బంధువుకు సొంత కోర్టులోనే శిక్ష వేసిన జడ్జి. ఇలాంటివాళ్ళు.

వాళ్ళలో ఒకాయన ఎమెకా. చిన్న పట్నంలో వారపత్రిక నడిపేవాడు. రాసేది, పేర్చేది, మిషన్ తొక్కేది అన్నీ తనే. అయ్యవారు ఈ మాట చెప్పినప్పుడు మాత్రం నేను స్టిక్కు కింద పెట్టి విన్నాను. మన కులంవాడే అనిపించింది.

ఎనిమిదో ఆయన విద్యాశాఖ పెద్ద అధికారి. బడులు కట్టించాడని అయ్యవారు మొదట్లో మెచ్చి రాశారు. తర్వాత ఆ దేశంలో సైన్యం గద్దెనెక్కింది. ఆ అధికారి సైన్యం పక్కన చేరి, తన మీద రాసిన ఎమెకాను పట్టించి జైల్లో వేయించాడు. ఎమెకా జైల్లోనే చనిపోయాడు. ఇంటిని సోదా చేసి కాగితమనేదే మిగలకుండా ఎత్తుకుపోయారు. ఈ సంగతి తెలిసేసరికి అయ్యవారు ఇండియాకొచ్చేశారు. ఎనిమిది ఫొటోలనూ ఆయన అప్పటికే బ్లాకులకోసం బెంగళూరుకు పంపేసి ఉన్నారు.

"ఆ అధికారి పేజీలు సించెయ్ రెడ్డెప్పా," అన్నారు నాతో. "వాని బ్లాకు వస్తే గాట్లు పెట్టి పారెయ్. ఇంకెవురూ వాడుకోకూడదు."

అది మా వృత్తిలో ఉన్న ఆచారమే. అక్కర్లేని బ్లాకు మీద ఉలితో అడ్డంగా రెండు గాట్లు పెడతాం. ఇంకో ప్రెస్సువాడి చేతిలో పడి ఏ ఎలక్షన్ పోస్టరులోనో తేలకుండా.

అప్పుడు సావిత్రమ్మ అసలు మాట చెప్పింది. ఎమెకా కూతురు న్గోజీ బెంగళూరులో నర్సింగు చదువుతోంది. తండ్రి పోయాక ఊరికి పోలేకపోయింది. ఆమె దగ్గర తండ్రి ఫొటో ఒక్కటీ లేదు. బడి వార్షికోత్సవంలో అయ్యవారు తీసిన ఫొటో తప్ప లోకంలో ఇంకొకటి మిగిలినట్టు లేదు.

"ఆ బిడ్డ బుక్కుకోసం రాదప్పా," అంది సావిత్రమ్మ. "వాళ్ళ నాయన మొగం సూసేదానికి వస్తాది. ఈయప్ప ఉండంగానే అయిపోవల్ల."

రెండు బ్లాకులు

నెలన్నర పట్టింది. మాకున్న అక్షరాలు ఎనిమిది పేజీలకే సరిపోయేవి. ఎనిమిది పేర్చడం, అచ్చువేయడం, విప్పి కేసులో వేయడం, మళ్ళీ పేర్చడం. బ్లాకులు ఆలస్యమవడంతో బొమ్మల చోటు ఖాళీగా వదిలి ప్రూఫులు తీశాం. సావిత్రమ్మ చదివి వినిపించేది, అయ్యవారు తలూపేవారు, ఆమె సంతకం పెట్టేది. బొమ్మలుండే పేజీలను చివరికి పెట్టుకున్నాం.

బ్లాకులు బెంగళూరు రైల్లో కుప్పానికొచ్చి, అక్కడినుంచి బస్సులో మదనపల్లెకు చేరాయి. అప్పటికి పుంగనూరులో సభ రెండు రోజుల్లో ఉంది. ఫొటోలు మాత్రం రాలేదు. విడిగా పోస్టులో పంపామని బ్లాకులవాళ్ళు చీటీ పెట్టారు. అవి ఏనాటికీ రాలేదు.

ఒక్కో బ్లాకు వెనక చెక్కకు పేరు రాసిన కాగితం అంటించి ఉంటుంది. దారిలో తడిసి రెండింటి కాగితాలు ఊడిపోయాయి. మిగిలిన ఆరూ చూసి పక్కన పెడితే, ఊడినవి ఎమెకాదీ ఆ అధికారిదీ అని తేలింది. ఒక మొహానికి గుండ్రని టోపీ, నోరారా నవ్వు. ఇంకో మొహం బోడితల, బిగించిన పెదవులు, కటువైన చూపు.

సాయిబు ఆ రోజు బంధువుల ఇంటికి కుప్పం పోయాడు. మిషన్ తిప్పే మునస్వామి రెండు బ్లాకులనూ తిప్పి చూశాడు.

"ప్రూఫు లాగి పుంగనూరు బస్సులో కండక్టరుకిస్తే గంటలో సేరతాది గదప్పా. ఆయమ్మ సూసి సెప్తాది."

నేను టోపీ ఆయన్ను పట్టుకుని మునస్వామి మొహం ముందు ఊపాను.

"జైల్లో ఏయించినోడు ఇట్ల నవ్వుతాడా? ఈ మూతిముడుపోణ్ణి సూడు, జప్తుకొచ్చే కోర్టు అమీనా మాదిరే ఉండాడు. అయినా పుంగనూరులో వీళ్ళను గుర్తుపట్టేదెవురప్పా? నల్లోళ్ళంతా ఒకటే మాదిరి ఉంటారు."

నల్లగా ఉంటానని నన్ను మా ఊళ్ళో కర్రెప్ప అంటారు. అయినా ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మునస్వామి కూడా నవ్వాడు. నేను ఏమన్నా వాడు నవ్వేవాడు, అది నా దురదృష్టం.

టోపీ ఆయన్ను పేజీలో బిగించాను. కింద ఎమెకా పేరు ముందే పేర్చి ఉంది. రెండోదాన్ని బల్లమీద పెట్టి ఉలి తీసుకున్నాను. ఒక గాటు కంటి మీదుగా, ఒక గాటు నోటి మీదుగా. జింకు మెత్తగానే తెగుతుంది. తర్వాత దాన్ని బల్ల కింద పెట్టెలో పడేసి, చేతులు కడుక్కుని టీకి పోయాను.

పుంగనూరులో

సభ సాయంకాలం నాలుగింటికి, ఒక బడి వరండాలో. అయ్యవారిని కుర్చీతో సహా మోసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి ముందు వరసలో ఉంది. ఇరవై దాటని వయసు, నీలం గౌను, ఒళ్ళో చేతిసంచి. వచ్చినవాళ్ళలో సగంమంది ఆమెను చూడడానికే వచ్చారని వేరే చెప్పక్కర్లేదు. అందరూ కూర్చున్నాక సావిత్రమ్మ మొదటి పుస్తకం కట్టు విప్పి, ఆ పేజీ వెతికి, చూడకుండానే ఆమె చేతిలో పెట్టింది. ఆమె ముందు చూడాలని సావిత్రమ్మ కోరిక.

ఆ అమ్మాయి చూసింది. పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది. వేలు ఆ బొమ్మ మీద పెట్టి, సావిత్రమ్మ వైపు తిప్పి, ఇంగ్లీషులో ఒక మాట అడిగింది. నాకు ఇంగ్లీషు రాదు. కానీ సావిత్రమ్మ పుస్తకం అందుకుని, బొమ్మ చూసి, నా వైపు చూసింది.

వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. అయ్యవారు అటు తల తిప్పారు.

"ఏమైంది? ఎవురన్నా సెప్పండప్పా."

సావిత్రమ్మ ఆయన చెవి దగ్గర వంగింది. తండ్రి కథకు తండ్రిని చంపించినవాడి బొమ్మ వేశామని చెప్పింది. అయ్యవారు నేనున్న వైపు కాక ఇంకో వైపు తిరిగి అడిగారు.

"రెడ్డెప్పా, ఇంకో బ్లాకు?"

"గాట్లు పెట్టినాను అయివారూ" అన్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేనే గదా పెట్టమంటిని," అన్నారు.

ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

ప్రెస్సు సాయిబు వెనక వరసలోంచి లేచి వచ్చాడు. తప్పు తనదని, రెండో ప్రూఫు తీయకుండా మిషన్ తిప్పింది తన ప్రెస్సేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నా పేరెత్తలేదు. పుస్తకాలన్నీ జట్కాలో బస్టాండుకు చేర్చి, బస్సులో వెనక్కి తెచ్చాం. దారిలో పెద్ద చెరువు కట్ట దగ్గర గుర్రం ఆగితే సాయిబు, "సదుం ఆయన నవ్వించినాడు, అందుకే నీకు బుద్ధి రాలేదు" అన్నాడు.

మర్నాడే బెంగళూరుకు మనిషిని పంపించాడు. నెగటివు గీకేసి ఆ గాజు పలకనే వేరే పనికి వాడుకున్నామని బ్లాకులవాళ్ళు చెప్పారు. ఆ మొహం లోకంలో ఇక నా బల్ల కింద పెట్టెలోనే ఉంది.

కుప్పం ప్లాట్‌ఫారం

ఆ బ్లాకు మీద నేను పనిచేసినంత శ్రద్ధగా దేని మీదా పనిచేయలేదు. గాట్ల అంచులు సానరాయితో నునుపు చేశాను. కింద పలచటి కాగితాలు పొరలుగా అంటించి, సిరా పలచగా పట్టించి, ఒత్తిడి తగ్గించీ పెంచీ, మంచి కాగితం మీద ఇరవై ముప్పై ప్రూఫులు లాగాను. జింకు లేనిచోట సిరా అంటదు. ఎన్నిసార్లు లాగినా రెండు తెల్ల గీతలు అట్లాగే వచ్చాయి.

వారం తర్వాత ఆ అమ్మాయి తిరిగి బెంగళూరుకు పోతుంటే, నేనూ సాయిబూ సావిత్రమ్మతో కలిసి కుప్పం స్టేషనుకు పోయాం. అప్పటికి అయ్యవారు మంచం దిగడం లేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఆమె ప్రూఫు అందుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత చూపుడు వేలితో కంటి మీది గీతను కప్పి, కింది మొహం చూసింది. వేలు దించి నోటి మీది గీతను కప్పి, పై మొహం చూసింది. రెండూ ఒకేసారి కప్పి చూస్తే మొహమే కనబడదు. రెండు మూడుసార్లు అట్లా చేసింది.

బెంగళూరులో మంచి ఆర్టిస్టుతో గీతలు పూడ్పిస్తానని సాయిబు చెప్పించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తెలియనివాళ్ళు వేసిన కన్ను తన తండ్రికి వద్దంది. ఇట్లాగే పుస్తకంలో వేయమంది. ఆ తర్వాత నా వైపు చూసి సావిత్రమ్మను ఏదో అడిగింది.

"ఆ టోపీయప్పను వాళ్ళ నాయన అని యాల అనుకుంటివి అని అడగతాంది," అంది సావిత్రమ్మ.

అబద్ధం చెప్పే దారి ఆ రోజు దొరకలేదు. "నవ్వతా ఉండాడు గదమ్మా, మంచోడనుకుంటి," అన్నాను.

సావిత్రమ్మ చెప్పింది విని ఆ అమ్మాయి పట్టాల వైపు చూస్తూ మాట్లాడింది. సావిత్రమ్మ ముక్కముక్కగా నాకు చెప్పింది. వాళ్ళ నాయనంత నవ్వించే మనిషి ఆ పట్నంలోనే లేడట. చావింటికి పోయినా అక్కడ ఒకర్ని నవ్వించి వచ్చేవాడట. ముందుపన్ను విరిగిందని ఫొటో అంటే మాత్రం నోరు బిగించేవాడట.

"అదంతా బుక్కులోనే ఉండాది గదప్పా," అంది సావిత్రమ్మ నాతో. "ఈయప్ప రాసినాడు. నువ్వు సదవలేదా?"

రైలొచ్చింది. ఆమె బ్లాకును గుడ్డలో చుట్టుకుని, చేతిసంచిలో అడుగున పెట్టుకుని ఎక్కింది. మా ముద్రణకు కావాలి కదా అని సాయిబు గానీ నేను గానీ అడగలేకపోయాం. నేను లాగిన మంచి ప్రూఫు నుంచే కొత్త బ్లాకు చేయించి ఆ పేజీ మళ్ళీ వేశాం. అది పూర్తయ్యేసరికి అయ్యవారు లేరు.

ఆ రోజు కుప్పం నుంచి మదనపల్లెకు బస్సులో వస్తూ, సాయిబు పక్కన కూర్చుని, సభ నుంచి వెనక్కి తెచ్చిన తప్పు బొమ్మ పుస్తకం ఒకటి సంచిలోంచి తీశాను. అప్పటికి పదిహేనేళ్ళకు పైగా కంపోజింగు చేస్తున్నాను. నేను పేర్చిన పుస్తకాన్ని చదవడం అదే మొదటిసారి. నవ్వుతున్న ఆ టోపీ మొహం కింద, మూడో పేరాలో ఉంది ఆ వాక్యం. ఫొటో తీస్తుంటే మాత్రం పెదవులు బిగబట్టుకునేవాడు, విరిగిన పన్ను కనబడకూడదని. వాక్యం చివర చుక్క కొంచెం అరిగిపోయి ఉంది. ఆ అరిగిన చుక్క నాకు బాగా తెలుసు. పేర్చేటప్పుడు మారుద్దామా అని ఒక క్షణం చేతిలో పట్టుకుని చూసి, పరవాలేదులే అని నేనే పెట్టాను.